కొత్త రాక్ ఆల్బమ్‌పై మిత్రులు తొలి అభిప్రాయాలు పంచుకునే పద్ధతి: ఒక సమగ్ర మార్గదర్శి

కొత్త రాక్ ఆల్బమ్ విడుదలైన రోజున మిత్రుల మధ్య జరిగే చర్చ చాలాసార్లు పది నిమిషాలు కూడా సాగదు. ఒకరు అదిరిపోయిందంటారు, మరొకరు పాత ఆల్బమ్‌ల ముందు ఇది దిగదుడుపేనంటారు, మిగిలినవారు ఆ ఇద్దరిలో ఎవరి మాట గట్టిగా ఉందో చూసుకుని అటు మొగ్గుతారు. వారం తిరిగేసరికి ఎవరు ఏమన్నారో ఎవరికీ గుర్తుండదు. ఇది నిజంగా నష్టమే. ఒక ఆల్బమ్‌ను తొలిసారి వినే అవకాశం ఏ శ్రోతకైనా ఒక్కసారే దొరుకుతుంది. రెండోసారి వినేటప్పటికి ఏ పాట తరువాత ఏది వస్తుందో, ఏ చరణం ముగిశాక గిటార్ విజృంభిస్తుందో చెవికి ముందే తెలిసిపోయి ఉంటుంది. ఆ ఒక్కసారి కలిగిన అభిప్రాయం పనికివచ్చేది కావాలంటే అది ఎవరిది వారిదిగా ఉండాలి, మరొకరి మాట చెవిన పడకముందే కాగితం మీదకు ఎక్కాలి. ఇక్కడ చెప్పే ఏర్పాట్లన్నీ ఆ షరతును నిలబెట్టడానికే.

ఉదాహరణల కోసం ప్రధానంగా ఒకే ఆల్బమ్‌ను తీసుకున్నాను. బ్రిటన్‌కు చెందిన ద క్యూర్ బృందం 2024 నవంబర్ 1న విడుదల చేసిన ‘సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్’ అది. 2008 తరువాత, అంటే పదహారేళ్ళ విరామం తరువాత ఆ బృందం తెచ్చిన స్టూడియో ఆల్బమ్ ఇదే. ఎనిమిది పాటలు, సుమారు 49 నిమిషాల నిడివి. తొలిసారి వినేటప్పుడు శ్రోతకు ఎదురయ్యే చిక్కులు దాదాపు అన్నీ ఇందులో ఉన్నాయి.

1. బృందాన్నీ ఆల్బమ్‌నూ ఎంచుకోవడం

ముగ్గురికి తక్కువ కాకుండా, ఆరుగురికి మించకుండా ఉంటే మంచిది. ఇద్దరే అయితే సంభాషణ త్వరగా ఏకాభిప్రాయానికో మొండి వాదానికో చేరుతుంది. ఆరుగురు దాటితే అందరి రాతలూ ఓపికగా చదివేవారు ఉండరు. అందరూ ఒకే బృందానికి వీరాభిమానులు కాకపోవడం ఇంకా మంచిది. ద క్యూర్‌ను 1980ల నుంచి వింటున్నవారు ఒకరు, పేరు మాత్రమే విన్నవారు ఒకరు, అసలు ఈ తరహా సంగీతం ఇష్టపడనివారు ఒకరు ఉంటే, ఒకే ఆల్బమ్ మీద మూడు వేరువేరు చెవులు పనిచేసినట్టవుతుంది. మూడోవారి అభిప్రాయాన్ని తేలికగా తీసుకోకూడదు. అభిమానికి అలవాటైపోయి వినపడకుండా పోయిన లక్షణాలు తరచూ ఆ మూడోవారికే ముందు వినిపిస్తాయి.

ఎంచుకునేది కొత్త పాటలున్న స్టూడియో ఆల్బమ్ కావాలి. పాత ఆల్బమ్‌కు మెరుగులు దిద్ది మళ్ళీ విడుదల చేసినవీ, కచేరీ రికార్డింగులూ, ఏరికూర్చిన సంకలనాలూ వేరే చర్చకు సరిపోతాయి గానీ వాటిమీద అసలైన తొలి అభిప్రాయం పుట్టదు. విడుదలకు ముందే దొంగచాటుగా బయటపడే ప్రతుల జోలికి వెళ్ళవద్దు. కళాకారుల పట్ల అది అన్యాయమన్న మాట ఎలాగూ ఉంది. దానికి తోడు, అలా బయటపడినది తుది మిశ్రణమో (వాద్యాల, గొంతుల ధ్వనులను కలిపి తయారుచేసిన చివరి రూపమో) కాదో, పాటల వరుస అదేనో కాదో ఎవరూ హామీ ఇవ్వలేరు. అసంపూర్ణమైన ప్రతి మీద ఏర్పడిన తొలి అభిప్రాయాన్ని తరువాత చెరిపివేయడం సాధ్యం కాదు.

2. ఏ ప్రతి వినాలో, ఎప్పటిలోగా వినాలో ముందే తేల్చుకోవడం

2015 జూలై 10 నుంచి ప్రపంచవ్యాప్తంగా కొత్త ఆల్బమ్‌లకు శుక్రవారం విడుదల దినంగా స్థిరపడింది. అంతకుముందు అమెరికాలో మంగళవారం, బ్రిటన్‌లో సోమవారం విడుదలయ్యేవి. ఇప్పుడు రోజు ఒకటే అయినా గడియారాలు వేరు. స్ట్రీమింగ్ సేవల్లో ఆల్బమ్ సాధారణంగా ఏ దేశంలో అర్ధరాత్రి దాటితే ఆ దేశంలో అందుబాటులోకి వస్తుంది. మిత్రుల్లో ఒకరు మెల్‌బోర్న్‌లో, ఇద్దరు హైదరాబాద్‌లో, ఒకరు డాలస్‌లో ఉంటే, నవంబర్ 1న మెల్‌బోర్న్‌వారికి మనకన్నా ఐదున్నర గంటలు ముందు, డాలస్‌వారికి పదిన్నర గంటలు వెనుక ఆ రోజు మొదలవుతుంది. మెల్‌బోర్న్ మిత్రుడు ఉత్సాహం ఆపుకోలేక వాట్సాప్‌లో పంపిన ఒక్క వాక్యం డాలస్ మిత్రుడి వినికిడిని పాడుచేయడానికి చాలు. అందుచేత విడుదల రోజుకు కాక ఆదివారం సాయంత్రానికి గడువు పెట్టుకోండి. భారత కాలమానం ప్రకారం ఫలానా గంట అని స్పష్టంగా రాసుకోండి. అప్పటిదాకా ఆ ఆల్బమ్ గురించి గుంపులో ఎవరూ నోరు విప్పకూడదు, బొమ్మలతో కూడా స్పందించకూడదు.

గడువు పెట్టుకోవడంలో మరో ప్రయోజనం కూడా ఉంది. ‘సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్’ మన దగ్గర విడుదలైన అర్ధరాత్రి దీపావళి రాత్రి. వీధిలో టపాకాయలు పేలుతుండగా, నెమ్మదిగా బరువుగా నడిచే ఆ పాటలను వినడం ఎవరికీ న్యాయం కాదు. ఆ రాత్రే విని తీరాలన్న పట్టుదల కన్నా, శనివారం తెల్లవారుజామున నిశ్శబ్దంలో వినడం వెయ్యి రెట్లు మేలు.

ఏ ప్రతి వినాలన్న విషయంలోనూ పట్టింపు అవసరమే. టూల్ బృందం 2019 ఆగస్టు 30న, పదమూడేళ్ళ తరువాత విడుదల చేసిన ‘ఫియర్ ఇనాక్యులమ్’ సీడీలో ఏడు ట్రాకులు, సుమారు 79 నిమిషాలు ఉంటాయి. డిజిటల్ ప్రతిలో మధ్యమధ్య వచ్చే మూడు చిన్న ఖండికలను కూడా కలిపి పది ట్రాకులు, సుమారు 86 నిమిషాలు ఉంటాయి. సీడీ కొన్నవారూ ఫోన్‌లో విన్నవారూ ఆల్బమ్ బిగువు గురించి వాదించుకుంటే, వాళ్ళు నిజానికి రెండు వేరు వస్తువుల గురించి మాట్లాడుకుంటున్నట్టే లెక్క. అదనపు పాటలతో డీలక్స్ ప్రతి వచ్చినప్పుడు మూల ఆల్బమ్‌తోనే ఆగి, అదనపు పాటలను తరువాత వినాలని ముందే ఒప్పందం చేసుకోండి.

3. వినకముందు రాయవలసిన నాలుగు వాక్యాలు

పూర్తిగా ఖాళీ మనసుతో ఏ ఆల్బమ్‌నూ వినలేం. వినేముందు మనసులో ఏమి ఉందో ఒప్పుకుని రాసిపెట్టుకోగలం. ఆ బృందంతో పాత పరిచయం ఎంత, కొత్త పాటల్లో ముందే విన్నవి ఏవి, ఏ సమీక్ష అయినా చదివారా, ఈ ఆల్బమ్ నుంచి ఏమి ఆశిస్తున్నారు అన్న నాలుగింటికి ఒక్కొక్క వాక్యంలో జవాబు రాసి, తేదీ వేయండి.

రెండో ప్రశ్న చూడటానికి చిన్నదే గానీ చాలా వివాదాలకు మూలం అదే. లింకిన్ పార్క్ బృందం 2024 నవంబర్ 15న ‘ఫ్రమ్ జీరో’ విడుదల చేసేనాటికి అందులోని పదకొండు ట్రాకుల్లో నాలుగు పాటలు విడిగా వచ్చేశాయి. సెప్టెంబర్ నుంచి ఒక్కొక్కటిగా వచ్చిన వాటిని రోజూ వింటున్న వ్యక్తికి ఆ నాలుగు పాటలూ మిగిలినవాటికన్నా మెరుగ్గా అనిపించడంలో వింత లేదు. పరిచయం పెరిగినకొద్దీ ఇష్టం పెరిగే ధోరణి మనుషుల్లో ఉందని మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జాయాన్స్ 1968లోనే ప్రయోగాలతో చూపాడు. ద క్యూర్ విషయంలో చిక్కు ఇంకా ముదిరింది. ఆ బృందం 2022, 2023 సంవత్సరాల పర్యటనలో ఈ ఆల్బమ్‌లోని పాటలు కొన్నింటిని వేదికల మీద ముందే వాయించింది. కచేరీ వీడియోలు చూసిన అభిమానికి తొలి పాట ‘అలోన్’ రెండేళ్ళ పాత నేస్తం. అతడు ఆల్బమ్‌లోని రూపాన్ని వేదిక మీది రూపంతో పోల్చి వింటాడు. మరొకరు ఏ పోలికా లేకుండా వింటారు. రెండూ సరైనవే, కానీ ఎవరు ఎక్కడి నుంచి వింటున్నారో అందరికీ తెలియాలి.

పత్రికా సమీక్షలను గడువు దాటేవరకు చదవవద్దు. ప్రచార సంభాషణల్లో కళాకారులు చెప్పే మాటలను కూడా వీలైనంత దూరం పెట్టండి. ఈ ఆల్బమ్‌లోని ‘ఐ కెన్ నెవర్ సే గుడ్‌బై’ గాయకుడు రాబర్ట్ స్మిత్ తన అన్న మరణం గురించి రాసిన పాట అని ముందే తెలిస్తే, ఆ దుఃఖం సంగీతంలో ఉన్నదో మనం తెచ్చి పెట్టుకున్నదో విడదీయడం కష్టమవుతుంది. ముందే తెలిసిపోయి ఉంటే దాచనక్కరలేదు. మొదటి నాలుగు వాక్యాల్లో ఆ సంగతి రాసేయండి.

4. వినే ఏర్పాట్లు

ఖరీదైన పరికరాలు అక్కరలేదు, కానీ ఫోన్‌కు ఉన్న చిన్న స్పీకర్ మీద మాత్రం తొలిసారి వినకండి. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా మందమైన తీగ ఖాళీగా మీటితే పుట్టే స్వరం సుమారు 41 హెర్ట్జ్. ఫోన్ స్పీకర్ ఆ స్థాయి ధ్వనిని దాదాపు పలికించలేదు. ద క్యూర్ సంగీతానికి సైమన్ గాలప్ వాయించే బేస్ వెన్నెముక వంటిది. దాన్ని వినకుండా ఆ ఆల్బమ్ పలచగా ఉందని రాస్తే ఆ మాట ఆల్బమ్ గురించి కాక ఫోన్ గురించి రాసినట్టవుతుంది. మామూలు తీగ ఇయర్‌ఫోన్లు చాలు. ఇందుకు విరుద్ధమైన ఉదాహరణ కూడా ఉంది: మెటాలికా బృందం 1988 ఆల్బమ్ ‘అండ్ జస్టిస్ ఫర్ ఆల్’లో బేస్ దాదాపు వినపడదు, ఎంత మంచి పరికరం పెట్టినా వినపడదు, ఎందుకంటే మిశ్రణంలోనే దాన్ని అణచివేశారు. పరికరం మీద నమ్మకం ఉన్నప్పుడే అలాంటి సంగతిని ధైర్యంగా రాయగలం.

పాటలను తారుమారుగా వినిపించే షఫుల్‌ను ఆపేయండి. ఒక పాట చివర, మరో పాట మొదలు కలిపేసే క్రాస్‌ఫేడ్ సదుపాయం తెరిచి ఉంటే దాన్ని కూడా మూసేయండి. పాటల వరుస కళాకారుడు తీసుకున్న నిర్ణయం. 2021 నవంబర్‌లో గాయని అడెల్ విజ్ఞప్తి మేరకు స్పాటిఫై ఆల్బమ్ పేజీల్లో షఫుల్‌కు ఇస్తున్న ప్రాధాన్యాన్ని తగ్గించిందంటే ఈ విషయం గాయకులకు ఎంత ముఖ్యమో ఊహించవచ్చు. శబ్దాన్ని మొదటి పాటలోనే ఒక స్థాయిలో పెట్టి చివరి దాకా మార్చకండి. ఎక్కువ శబ్దంతో విన్నది చెవికి ఎక్కువ బాగున్నట్టు తోచడం అందరికీ అనుభవమే, పాట పాటకూ మీట తిప్పుతూ పోతే వాటి మధ్య పోలిక చెడిపోతుంది.

సాహిత్యం చూస్తూ వినాలా వద్దా అన్నదానిపై భిన్నాభిప్రాయాలున్నాయి. తొలిసారి చూడకూడదన్నది నా అభిప్రాయం. కళ్ళు అక్షరాల వెంట పరుగెత్తుతుంటే చెవి డ్రమ్స్‌ను వదిలేస్తుంది. పైగా ఇంగ్లీషు మన మాతృభాష కాదు కనుక అర్థం వెతుక్కునే పని మనసును మరింత లాగేస్తుంది. అర్థం కాని మాట అర్థం కానట్టే ఉండనివ్వండి. ఆ గొంతు ఆ మాటను ఎలా పలికిందో అదే తొలి వినికిడిలో పట్టుకోదగిన విషయం.

5. వింటూ రాసుకోవడం

మధ్యలో ఆపకుండా, వెనక్కి తిప్పకుండా, మొదటి నుంచి చివరిదాకా ఒక్క ఊపున వినాలి. చేతిలో కాగితం, కలం ఉంచుకోండి. ఫోన్‌లో రాసుకుంటే మధ్యలో సందేశాలు వచ్చి పడతాయి. పాటకు రెండు మూడు పొడి మాటలకు మించి రాయకండి. రాస్తూ కూర్చుంటే వినడం ఆగిపోతుంది. ఆల్బమ్ ముగిసిన వెంటనే, లేవకుండా, ఆ పొడి మాటలను వాక్యాలుగా విస్తరించండి. ఈ పని మరునాటికి వాయిదా వేస్తే మిగిలేది జ్ఞాపకం మీద అల్లిన అభిప్రాయమే.

ఏమి రాయాలన్నదే అసలు కష్టం. ‘బాగుంది’, ‘సూపర్’, ‘ఏదో తేడాగా ఉంది’, ‘మంచి ఫీల్ ఉంది’ అన్న మాటలు రాసినవారికి ఆ క్షణంలో నిండుగానే తోస్తాయి గానీ చదివేవారికి ఏమీ చెప్పవు. ప్రతి వాక్యంలో మూడు సంగతులు ఉండేలా చూసుకోండి: పాటలో సుమారు ఎక్కడ, ఏ వాద్యం లేదా గొంతు ఏమి చేసింది, అప్పుడు మీకు ఏమనిపించింది. ‘అలోన్’ గురించి ఇద్దరు మిత్రులు ఇలా రాశారనుకోండి.

మొదటివారు: “మొదటి పాట చాలా పెద్దది, బోర్ కొట్టింది, కానీ మూడ్ బాగుంది.”

రెండోవారు: “మూడు నిమిషాలు దాటినా గొంతు రాలేదు. డ్రమ్స్ నింపాదిగా, ప్రతి దెబ్బకూ మధ్య ఖాళీ వదులుతూ సాగాయి. రెండో నిమిషంలో విసుగు మొదలైంది. పాడేవాడు ఇక రాడేమో, ఇది వాద్య సంగీతమేమో అనుకున్నాను. గొంతు వచ్చిన క్షణంలో ఆ విసుగు పోయింది, ఇంతసేపు ఎదురుచూడటమే పాటలో భాగమనిపించింది.”

ఇద్దరూ విసుగు గురించే చెప్పారు. కానీ రెండోవారి మాటల్లో ఆ విసుగు ఎప్పుడు పుట్టిందో, ఎప్పుడు పోయిందో తెలుస్తున్నది, అందువల్ల దానితో ఏకీభవించవచ్చు, విభేదించవచ్చు. మొదటివారి వాక్యంతో ఆ రెండూ సాధ్యం కావు. ఇదే ఆల్బమ్‌లో చివరి పాట ‘ఎండ్‌సాంగ్’ పది నిమిషాలు దాటుతుంది, అందులో గొంతు ఆరు నిమిషాలు దాటాక గానీ రాదు. రెండోవారిలా రాసుకున్నవారు చివరి పాట దగ్గరికి వచ్చేసరికి మొదటి పాటతో దానికున్న పోలికను వాళ్ళంతట వాళ్ళే పట్టుకుంటారు: ఈసారి విసుగు వచ్చిందా రాలేదా, రాకపోతే ఎందుకు రాలేదు, మధ్యలోని ఆరు పాటలు చెవిని ఎలా సిద్ధం చేశాయి అన్న ప్రశ్నలు సహజంగా పుడతాయి. ఆల్బమ్‌ను విడి పాటల గుత్తిగా కాక ఒక్క కట్టడంగా వినడం అంటే ఇదే.

పదజాలం గురించి బెంగ పడనక్కరలేదు. రిఫ్ (మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ వరుస), సోలో (ఒకే వాద్యం ముందుకు వచ్చి వాయించే భాగం), కోరస్, స్నేర్ (డ్రమ్స్‌లో చురుగ్గా మోగే చిన్న డ్రమ్), మిక్సింగ్ వంటి మాటలు తెలుగులో వాడుకలోకి వచ్చేశాయి, వాటిని అలాగే వాడవచ్చు. మనకు అలవాటైన పల్లవి, చరణం, శ్రుతి, లయ కూడా చక్కగా సరిపోతాయి. కొన్నిచోట్ల మన చెవికి ఒక అదనపు సౌలభ్యం కూడా ఉంది. ‘ఫియర్ ఇనాక్యులమ్’ పాటలను ఏడు అన్న అంకె చుట్టూ అల్లుకున్నట్టు టూల్ సభ్యులే చెప్పారు. చిన్నప్పుడు సంగీతం మాస్టారి దగ్గర కూర్చుని మిశ్ర చాపు తాళం వేసినవారికి ఏడు అక్షరాల నడక మూడూ నాలుగుగా చేతికి వచ్చేస్తుంది. నాలుగు దెబ్బల లయకు మాత్రమే అలవాటుపడిన శ్రోత అక్కడ తడబడతాడు. తాళం వేస్తూ వినడం తెలిసినవారు ఆ సంగతిని తమ రాతలో చేర్చితే మిగిలినవారు దాన్ని మళ్ళీ వెతుక్కుని వింటారు. తెలియనివారు ‘ఇక్కడ కాలు ఆడించడం కుదరలేదు’ అని రాసినా అది ఎంతో నిజాయతీ గల పరిశీలనే.

పాట వేరు, దాన్ని ధ్వనిముద్రించిన తీరు వేరు అన్న తేడాను వీలైనంతవరకు పాటించండి. మెటాలికా 2003లో విడుదల చేసిన ‘సెయింట్ యాంగర్’లో స్నేర్ డ్రమ్ డబ్బా మీద కొట్టినట్టు మోగుతుంది, గిటార్ సోలోలు లేవు. ఆ స్నేర్ మోతే ఎంతోమంది శ్రోతల తొలి అభిప్రాయాన్ని పూర్తిగా మింగేసి, పాటల గురించి మాట్లాడే అవకాశమే లేకుండా చేసింది. అదే బృందం 2008 ఆల్బమ్ ‘డెత్ మాగ్నెటిక్’ను మితిమీరిన శబ్దంతో నొక్కి తయారు చేశారని అభిమానులే ఫిర్యాదు చేశారు, గిటార్ హీరో అనే వీడియో ఆటలో చేరిన అవే పాటలు మరింత తేటగా ఉన్నాయని వాళ్ళు ఎత్తిచూపారు. చెవి నొప్పి పుట్టినప్పుడు నొప్పి పుట్టిందనే రాయండి, కానీ ఆ నొప్పి రాగం వల్లనా రికార్డింగ్ వల్లనా అన్నది పక్కన ఒక చిన్న ప్రశ్నగా వేసుకోండి.

6. అందరూ ఒకే నిమిషంలో బయటపెట్టడం

ఏర్పాట్లన్నిటిలోకీ ముఖ్యమైనది ఇదే, చాలా బృందాలు తప్పేది కూడా ఇక్కడే. గడువు వేళకు అందరూ తమ రాతను ఒకేసారి పంపాలి. ముందుగా ఒకరు పంపి, చదివి మరొకరు పంపే పద్ధతి పనికిరాదు.

ఇంత పట్టుదల ఎందుకో తెలియాలంటే కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ చేసిన ప్రయోగాన్ని తెలుసుకోవాలి. 2006లో సైన్స్ పత్రికలో వెలువడిన ఆ అధ్యయనంలో 14 వేల మందికి పైగా పాల్గొన్నారు. అంతగా పేరు పొందని బృందాల పాటలు 48 వారికి వినిపించారు. కొందరికి పాటలు మాత్రమే ఇచ్చారు. మిగిలినవారిని వేరువేరు గుంపులుగా విడదీసి, తమ గుంపులో ఏ పాటను ఎంతమంది దించుకున్నారో కూడా చూపించారు. లెక్కలు చూసినవారిలో ఆదరణ పొందిన పాటలకు మరింత ఆదరణ దక్కింది, వెనుకబడినవి మరింత వెనుకబడ్డాయి. ఏ పాట పైకి వస్తుందన్నది మాత్రం గుంపు గుంపుకూ మారిపోయింది. ముక్కూ మొహం తెలియని వాళ్ళు వదిలిన ఒక అంకె ఇంత పని చేస్తే, పదేళ్ళుగా మనకు సంగీతం రుచి చూపిన స్నేహితుడి మాట ఎంత పని చేస్తుందో వేరే చెప్పాలా.

ఆచరణకు రెండు దారులున్నాయి. ఒకటి, ప్రతి ఆల్బమ్‌కూ ఒకరు బాధ్యుడిగా ఉండి, అందరి రాతలనూ విడివిడిగా తెప్పించుకుని, గడువు దాటాక ఒకేసారి గుంపులో పెట్టడం. బాధ్యుడు తన రాతను అందరికన్నా ముందు పూర్తి చేసి పక్కన పెట్టుకోవాలి, లేకపోతే మిగిలినవాటి ప్రభావం అతడి మీద పడుతుంది. రెండు, అందరూ ముందే రాసి సిద్ధంగా ఉంచుకుని నిర్ణీత నిమిషంలో ఒక్కసారిగా పంపడం. చిన్న బృందాలకు ఇదే సులువు. స్వర సందేశాలకన్నా రాతే మేలు: మాట్లాడేటప్పుడు గొంతులోని ఉత్సాహం వాదనకు లేని బలాన్ని తెచ్చిపెడుతుంది.

పదికి ఎన్ని మార్కులు అన్న లెక్క ఈ దశలో వద్దు. అంకె కనిపిస్తే కళ్ళు అక్కడికే పోతాయి, రాసిన నాలుగు పేరాలూ వృథా అవుతాయి. సరదా తీరాలంటే చర్చ అంతా ముగిశాక వేసుకోవచ్చు.

7. చర్చ

మొదట పావుగంట సేపు అందరి రాతలూ మౌనంగా చదవండి. తరువాత ఏకీభావాల మీద కాక భేదాల మీద చర్చ మొదలుపెట్టండి. నలుగురికీ నచ్చిన పాట గురించి అరగంట పొగడ్తలు పంచుకోవడంలో సుఖం ఉంది గానీ కొత్తగా తెలిసేది తక్కువ. ఒకే క్షణం ఒకరికి గొప్పగా, మరొకరికి చప్పగా అనిపించిన చోటు వెతకండి. ఆ చోటికి వెళ్ళి ఆ ముప్పై సెకన్లు అందరూ కలిసి మళ్ళీ వినండి. ఆల్బమ్ మొత్తం చేతిలో ఉన్నప్పుడు జ్ఞాపకం మీద వాదించుకోవలసిన అవసరం లేదు.

అడగవలసిన ప్రశ్నలు చిన్నవిగా ఉండాలి. “ఆ సోలో నీకు ఎందుకు పొడవనిపించిందిరా?” అని అడిగితే జవాబు వస్తుంది. “ఇలాంటి సంగీతం నీకు ఎక్కదులే” అంటే స్నేహితుడు నోరు మూసుకుంటాడు, అంతటితో అతడి చెవి విన్నదేదో మీకు ఎప్పటికీ తెలియదు. రాక్ అభిమానుల్లో ఈ రెండో రకం మాట జబ్బులా వ్యాపించి ఉందన్నది నిష్ఠురమైన నిజం.

కొన్ని ఆల్బమ్‌లకు చర్చలో అదనపు జాగ్రత్త కావాలి. చాలాకాలం తరువాత వచ్చినవీ, సభ్యులు మారినవీ అలాంటివే. 2017లో లింకిన్ పార్క్ గాయకుడు చెస్టర్ బెన్నింగ్టన్ మరణించాక ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్ గాయనిగా వచ్చిన ‘ఫ్రమ్ జీరో’ను ఆయన లేని లోటు గురించి మాట్లాడకుండా ఎవరూ వినలేరు, మాట్లాడవద్దనడం కూడా కాఠిన్యమే. అయితే ఆ మాటలకు మొదట కొంత సమయం కేటాయించి, ఆ తరువాత కొత్త గొంతు ఏమి చేసిందన్న దాని మీదకు రావాలి. రోలింగ్ స్టోన్స్ బృందం 2023 అక్టోబర్ 20న విడుదల చేసిన ‘హ్యాక్నీ డైమండ్స్’లో అంతకు రెండేళ్ళ ముందు కన్నుమూసిన డ్రమ్మర్ చార్లీ వాట్స్ వాయించిన పాటలు రెండు ఉన్నాయి. ఆ రెండూ ఏవో తెలియకుండా విన్నవారు డ్రమ్స్‌లో తేడా పట్టారా లేదా అన్నది అడగదగిన ప్రశ్న. తెలిసి విన్నవారి జవాబు వేరుగా ఉంటుంది. ద క్యూర్ ఆల్బమ్‌లోనూ ఇలాంటి సంగతి ఉంది. 2012లో బృందంలో చేరిన గిటారిస్టు రీవ్స్ గాబ్రెల్స్‌కు వారితో ఇదే మొదటి స్టూడియో ఆల్బమ్. పాత ఆల్బమ్‌ల గిటార్‌కూ ‘డ్రోన్:నోడ్రోన్’లో వినిపించే గిటార్‌కూ మధ్య తేడా అభిమానికి వెంటనే తగులుతుంది, కొత్త శ్రోతకు అసలు తేడా ఉందన్న స్పృహే ఉండదు. ఇక రాబర్ట్ స్మిత్ గొంతు 65 ఏళ్ళ వయసులోనూ పెద్దగా మారలేదన్న ఆశ్చర్యం కూడా పాత శ్రోతలకే దక్కుతుంది.

చర్చ గంటకు మించనివ్వకండి. ముగిసే ముందు ప్రతి ఒక్కరూ ఎదుటివారి రాతలో తాము వినని విషయం ఒకటి ఎంచుకోవాలి, రెండోసారి వినేటప్పుడు దాని కోసం చెవి పెట్టాలి.

8. రెండోసారి వినడం, పాత రాతను దాచడం

మళ్ళీ వినడానికి మూడు నాలుగు వారాలు ఆగి, ఈసారి సాహిత్యం చేతపట్టుకుని వినండి. కళాకారుల సంభాషణలు, సమీక్షలు అప్పటికి చదివి ఉన్నా ఇబ్బంది లేదు. తరువాత తొలి రాత కింద గీత గీసి, కొత్త తేదీతో రెండో రాత చేర్చండి. పై రాతలో ఒక్క అక్షరం కూడా దిద్దకూడదు. ఈ నియమాన్ని మీరడానికి చేయి ఊరుకోదు. పొగిడిన పాట నెల తిరక్కుండా మొహం మొత్తినప్పుడు ఆ పొగడ్తను కాస్త సవరిద్దామనిపించడం సహజం.

అభిప్రాయం మారడం గురించి నామోషీ పడవలసింది లేదు. లెడ్ జెప్లిన్ బృందం తొలి ఆల్బమ్ 1969 జనవరిలో వచ్చినప్పుడు రోలింగ్ స్టోన్ పత్రిక దాన్ని చిన్నచూపు చూస్తూ సమీక్షించింది. ఆ తరువాత అదే పత్రిక గొప్ప ఆల్బమ్‌ల జాబితాల్లో దానికి చోటిచ్చింది. ఆ తొలి సమీక్ష ఈనాటికీ చదవదగినదే. అలవాటు పడని చెవికి ఆ సంగీతం 1969లో ఎంత అతిగా తోచిందో దాని వల్లనే మనకు తెలుస్తున్నది.

రాతలన్నీ ఒకేచోట, ఆల్బమ్ పేరు, విన్న తేదీ, విన్న పరికరం, విన్న చోటు పైన రాసి భద్రపరచండి. అందరూ తెరవగలిగే ఒక దస్త్రం చాలు, అందంగా అమర్చే శ్రమ అక్కరలేదు. అయిదారు ఆల్బమ్‌లు పూర్తయ్యేసరికి ఒక్కొక్కరి చెవి తీరు బయటపడుతుంది: ఒకరు ఎప్పుడూ మొదటి రెండు పాటలు విని మనసు స్థిరపరచుకుంటారు, మరొకరు డ్రమ్స్ తప్ప మరేదీ రాయరు, ఇంకొకరికి ఏడు నిమిషాలు దాటిన ఏ పాటా తొలిసారి నచ్చదు. అది తెలిశాక బాధ్యతలు పంచుకోవచ్చు. డ్రమ్స్ మాత్రమే రాసేవారిని తదుపరి ఆల్బమ్‌లో గొంతు మీద దృష్టి పెట్టమనండి, పొడవైన పాటలంటే పడనివారికి తరువాతి ఆల్బమ్ ఎంచుకునే వంతు ఇవ్వండి.